అమెరికా అధ్యక్షుడు జాక్సన్ సంతకం ఉన్న 1834 నాటి భూమి పట్టా అమ్ముతున్నారు, కొనొచ్చా?

ఓహాయో_గుంటూరోడు:

అందరికీ నమస్కారం. కొలంబస్ దగ్గర ఉంటాను. పాత కాగితాల విషయంలో నాకు ఓనమాలు కూడా రావు. అందుకే డబ్బు కట్టకముందే ఇక్కడ అడుగుతున్నాను.

మా నాన్నగారు గుంటూరు జిల్లాలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ఎవరింట్లో పాత దస్తావేజు కనిపించినా వదలరు. ముందు వెనక్కి తిప్పి స్టాంపులు, ఎండార్స్‌మెంట్లు చూస్తారు. తర్వాత చెక్కుబందీ, అంటే నాలుగు వైపులా హద్దులు చదువుతారు. రాసిచ్చినవాళ్ళ పేర్లు ఆఖర్న. సంక్రాంతికి ఇంటికి వెళ్తున్నాను. ఫోన్లు, వాచీలు తీసుకెళ్తే ఆయన బీరువాలో పెట్టి తాళం వేస్తారు, అంతే. ఈసారి ఆయన కూర్చుని చదువుకునేది ఏదైనా తీసుకెళ్దామని ఉంది.

పోయిన శనివారం ఇండియానా వైపు వెళ్తూ ఒక ఆంటిక్ మాల్‌లో ఆగాం. గోడకి ఒక ఫ్రేమ్ వేలాడుతోంది. అడ్డంగా అడుగున్నర, నిలువు పది అంగుళాలు ఉంటుంది. పైన పెద్ద అచ్చు అక్షరాల్లో ‘ది యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా’. మధ్యమధ్య ఖాళీలు చేత్తో నింపారు. క్రాఫర్డ్స్‌విల్ ల్యాండ్ ఆఫీసు ద్వారా ఒకతనికి 80 ఎకరాలు ఇస్తున్నట్టు ఉంది. తేదీ 1834. ఒక మూల ఉబ్బెత్తు ముద్ర. కింద ‘ఆండ్రూ జాక్సన్’ అని సంతకం. కాగితం కాదు, తోలు అన్నాడు షాపాయన. ధర 1,650 డాలర్లు. అసలైనదేనని ఒక సర్టిఫికెట్ కూడా వెనక అంటించి ఉంది.

అమెరికా అధ్యక్షుడి సంతకం ఆ ధరకి వస్తే చౌకే అని మా కొలీగ్ అంటున్నాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఇది నిజమైనదో కాదో ఎలా తెలుస్తుంది? ఇండియాకి తీసుకెళ్ళడంలో ఇబ్బంది ఉంటుందా? తెలిసినవాళ్ళు చెప్పగలరు. షాపాయన ఫోటో తీయనివ్వలేదు.

మధ్యాహ్నం_కాఫీ:

ఫోటో తీయనివ్వని చోట కొనకండి. ఇంకో మాట. ఆ జాక్సన్ 1830లో ఆదివాసీ తెగలని వాళ్ళ నేల నుంచి తరలించే ఇండియన్ రిమూవల్ చట్టం మీద సంతకం పెట్టిన జాక్సనే. ఇండియానాలో పొట్టవాటమీ తెగవాళ్ళని 1838లో సైనికుల కాపలాతో కాన్సస్‌కి నడిపించారు, దారిలో పిల్లలు చాలామంది చనిపోయారు. ఆ పట్టా పుచ్చుకున్న రైతు తప్పేం లేకపోవచ్చు. కానీ గోడకి తగిలించేముందు ఆ భూమి అంతకుముందు ఎవరిదో కూడా నాన్నగారికి చెప్పండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేసిన ఆయన కదా, లింకు డాక్యుమెంట్ ఏదని ఎలాగూ అడుగుతారు.

పాతకాగితం:

తమ్ముడూ, 1,650 మాత్రం ఇవ్వొద్దు. ఆ పట్టా దొంగది అనడం లేదు, నిఖార్సైనదే అయ్యుంటుంది. కానీ జాక్సన్ దాన్ని కంటితో కూడా చూసి ఉండడు.

నేను ఫిలడెల్ఫియా పక్కన ఉంటాను, ఊరు తెనాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ శనాదివారాలు ఈ పిచ్చితోనే గడిపాను, ఇప్పుడు రిటైరయ్యాక వారమంతా ఇదే. కొత్తగా వచ్చేవాళ్ళందరూ సంతకం దగ్గర మొదలుపెడతారు. భూతద్దం పెట్టి సున్నాలు, వంకరలు చూస్తారు. సంతకం ఆఖర్న చూడాలి. ముందు తేదీ చూడాలి, తర్వాత ఆ కాగితం ఏ పనికోసం పుట్టిందో చూడాలి. ఆ రెండూ చూస్తే సంతకం ఎవరు పెట్టారో చాలాసార్లు భూతద్దం లేకుండానే తెలిసిపోతుంది. మీ నాన్నగారి పద్ధతే కరెక్టు.

మీ కేసులో తేదీయే అంతా చెప్పేస్తోంది. వాషింగ్టన్ కాలం నుంచి ప్రభుత్వ భూమి ఎవరికి ఇచ్చినా పట్టా మీద అధ్యక్షుడు స్వయంగా సంతకం పెట్టాలి. మొదట్లో అది పెద్ద పని కాదు. 1820 చట్టంతో ఎకరం కనీస ధర డాలరుంపావుకి దిగింది. 80 ఎకరాలకి నూరు డాలర్లు చేతిలో ఉంటే ఎవడైనా కొనుక్కోవచ్చు. జనం ఒహాయో, ఇండియానా, ఇలినాయ్ మీద పడ్డారు. జాక్సన్ వచ్చేసరికి సంతకం కోసం ఎదురుచూసే పట్టాలు వేలల్లో పేరుకుపోయాయి. అప్పుడు కాంగ్రెస్ 1833 మార్చి 2న ఒక చట్టం చేసింది: భూమి పట్టాల మీద అధ్యక్షుడి పేరుతో సంతకం పెట్టడానికి ఒక సెక్రటరీని పెట్టుకోవచ్చు అని. అక్కడితో సరి. ఆ తర్వాతి పట్టాల్లో మీకు కనిపించే అధ్యక్షుడి పేరు మామూలుగా సెక్రటరీ చేతిరాతే. లింకన్ పేరున్న పట్టాలూ అంతే. లింకన్ స్వహస్తంతో సంతకం పెట్టిన హోమ్‌స్టెడ్ పట్టా (సాగు చేసుకునేవాళ్ళకి ఉచితంగా ఇచ్చిన భూమిది) అని ఎవరైనా అమ్మజూపితే నమస్కారం పెట్టి బయటికి రండి.

ఇందులో దాపరికం ఏమీ లేదు, మోసం చేయాలని ఎవరూ రాయలేదు. అధ్యక్షుడి పేరు కింద చిన్న అక్షరాలతో ‘బై’ అని పెట్టి సెక్రటరీ తన పేరు కూడా రాస్తాడు. మీ 1834 పట్టాలో అది ఏ. జె. డోనెల్సన్ అయ్యుంటుంది. ఇతను జాక్సన్ భార్య తమ్ముడి కొడుకో అన్న కొడుకో, మొత్తానికి బావమరిది కొడుకు. చిన్నప్పుడే తండ్రి పోతే జాక్సన్ ఇంట్లోనే పెరిగాడు. పేరు కూడా ఆండ్రూ జాక్సన్ డోనెల్సనే. 1856లో ఫిల్‌మోర్ పక్కన ఉపాధ్యక్షుడి పదవికి పోటీ చేసి ఓడిపోయాడు. తర్వాత వచ్చిన వాన్ బ్యూరెన్ ఈ పని సొంత కొడుక్కి అప్పగించాడు. ఇంట్లోవాళ్ళకి ఉద్యోగాలివ్వడం మనకే చేతనవుననుకుంటాం!

మరి షాపులో మీకు ఆ ‘బై డోనెల్సన్’ ఎందుకు కనపడలేదు? నా అనుమానం చెప్తాను. ఫ్రేములో బొమ్మ చుట్టూ వేసే అట్ట ఉంటుంది కదా, ఆ కిటికీని కాస్త పైకి కోస్తే అడుగు వరుస దాని కింద దాక్కుంటుంది. ఫ్రేము కట్టినవాడు అందం కోసం చేశాడో ఇంకెందుకు చేశాడో మనకనవసరం. మీరు వెనక అట్ట తీయించి చూడండి. తీయనంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి.

వెనక అంటించిన సర్టిఫికెట్ గురించి కూడా చెప్పాలి. అది అమ్మినవాడు తనకి తాను రాసుకున్న కాండక్ట్ సర్టిఫికెట్. దాన్ని చదవాల్సిన పద్ధతి ఒకటే: ఎవరి దగ్గర కొన్నారు, ఎప్పుడు కొన్నారు, ఏ వేలంలో ఎన్నో లాటు, అవి ఉన్నాయా? ఉంటే విలువ ఉంది. ‘మేము పరిశీలించి నిజమని నమ్ముతున్నాము’ అని మాత్రమే ఉంటే ఆ కాగితం వెనక లెక్కలు వేసుకోవచ్చు.

సరే, అధ్యక్షుడు నిజంగా పెట్టిన సంతకం కావాలంటే ఎక్కడ వెతకాలి? సైన్యంలో ఆఫీసర్లకిచ్చే కమిషన్లు, అంటే నియామక పత్రాలు, మంచి చోటు. లింకన్ కమిషన్ల మీద పూర్తిగా ‘ఏబ్రహామ్ లింకన్’ అని పెట్టేవాడు. ఉత్తరాల మీద, అర్జీల వెనక రాసే ముక్కల మీద ‘ఏ. లింకన్’ అనే. కమిషన్ మీద ‘ఏ. లింకన్’ కనిపిస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. 1862 జనవరి తర్వాతివైతే పక్కన యుద్ధ మంత్రి స్టాంటన్ సంతకం ఉంటుంది. ఇవి వేల డాలర్ల మాట, జీతగాళ్ళ పండగ కానుక కాదు.

నాకు ఇంకా ఇష్టమైనవి ఓడల కాగితాలు. అమెరికా ఓడ పరదేశపు రేవుకి వెళ్తే చూపించడానికి ఒకే షీటు మీద ఫ్రెంచి, స్పానిష్, ఇంగ్లీషు, డచ్చి, నాలుగు భాషల్లో అచ్చేసి ఇచ్చేవారు. వాటి మీద అధ్యక్షుడితోపాటు విదేశాంగ మంత్రి సంతకం కూడా ఉంటుంది. 1801 నుంచి 1809 దాకా అధ్యక్షుడు జెఫర్సన్, మంత్రి మాడిసన్. మాడిసన్ అధ్యక్షుడయ్యాక, 1811 నుంచి మంత్రి మన్రో. మన్రో అధ్యక్షుడయ్యాక మంత్రి జాన్ క్విన్సీ ఆడమ్స్. అంటే ఒక్క షీటు మీద ఇద్దరు అధ్యక్షులన్నమాట, ఒకడు ఉన్నవాడు, ఒకడు కాబోయేవాడు.

నా దగ్గరున్న వాటిలో నేను ఎవరొచ్చినా చూపించేది మాత్రం ఓ మామూలు పట్టా. బ్రిటన్‌తో జరిగిన 1812 యుద్ధంలో పనిచేసిన సిపాయికి ఇలినాయ్‌లో 160 ఎకరాలు ఇస్తూ 1818లో మన్రో సంతకం పెట్టింది. అతని రెజిమెంటు పేరు కూడా అందులో రాసుంది. ఈ సిపాయి పట్టాలు ఆ ఒకటి రెండేళ్ళలో కుప్పలుగా ఇచ్చారు కాబట్టి ఇప్పటికీ దొరుకుతాయి. చాలామంది సిపాయిలు ఆ భూమి మొహం కూడా చూడకుండా తూర్పున ఉన్న దళారులకి అమ్మేసుకున్నారు. కింద ల్యాండ్ ఆఫీసు కమిషనర్ జోసయా మెగ్స్ సంతకం ఉంటుంది. నాది భూతద్దంలో చూస్తే ‘జేమ్స్’లో మొదటి అక్షరం దగ్గర సిరా మడుగు కట్టి ముదురు గోధుమ రంగులో ఉంటుంది. పేరు సాగేకొద్దీ పలచబడుతుంది. ‘మన్రో’ ఆఖరి అక్షరానికి వచ్చేసరికి ఈక కలంలో సిరా అయిపోయి గీత రెండుగా చీలుతుంది, మధ్యలో తోలు రంగు కనిపిస్తుంది. చెయ్యి ఆగకుండా పోయింది కాబట్టే అలా వస్తుంది. చూసి గీసేవాడు మధ్యలో ఆగుతాడు, ఆగినచోటల్లా సిరా చుక్క పడుతుంది. అచ్చులో ఇవేవీ ఉండవు, మొదటి నుంచి చివరిదాకా ఒకే నలుపు.

అచ్చు అంటే గుర్తొచ్చింది. మ్యూజియం కొట్లలో స్వాతంత్ర్య ప్రకటన నకళ్ళు అమ్ముతారు, ముట్టుకుంటే కరకరలాడే పసుప్పచ్చ కాగితం మీద. అటక మీద పెట్టె తెరిచిన ప్రతివాడికీ అవే దొరుకుతాయి. మా ఆఫీసులో ఒకాయన దానికి బ్యాంకు లాకరు కూడా తీసుకున్నాడు.

దొంగ సంతకాల చరిత్ర కూడా పాతదే. మా ఫిలడెల్ఫియాలోనే 19వ శతాబ్దంలో రాబర్ట్ స్ప్రింగ్ అనేవాడు పాత పుస్తకాల్లోంచి ఖాళీ కాగితాలు చించి వాషింగ్టన్ పాసులు, చెక్కులు రాసి అమ్ముకుని బతికాడు. 20వ శతాబ్దంలో జోసెఫ్ కోసీ లింకన్ చేతిరాతని దించేశాడు. ఇప్పుడు వాళ్ళ దొంగ కాగితాలని కూడా కొనుక్కుని దాచుకునేవాళ్ళున్నారు. కెన్నెడీ దగ్గర్నుంచి ఇంకో తలనొప్పి. సెక్రటరీలు పెట్టినవి కొన్ని, ఆటోపెన్ యంత్రం గీసినవి కొన్ని. రెండు ఉత్తరాల మీద సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయంటే మనిషి పెట్టినవి కావు. మనిషి చెయ్యి రెండుసార్లు ఒకేలా పోదు.

చివరిగా దొంగసొత్తు. 2011లో బాల్టిమోర్‌లో ఒక చరిత్రకారుడు, అతని సహాయకుడు లైబ్రరీలో పట్టుబడ్డారు. లాకర్లో దాదాపు 60 కాగితాలు దొరికాయి. అక్కడి సిబ్బందికి కప్ కేకులు తెచ్చిపెట్టి మంచి చేసుకునేవాడట. అందుకే ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. పట్టా, కమిషన్, ఉత్తరం లాంటివి ప్రభుత్వం నుంచి జనానికి వెళ్ళినవి, వాళ్ళ వారసులు అమ్ముకోవచ్చు. ప్రభుత్వం తన ఫైల్లో ఉంచుకోవాల్సిన కాపీ బయట కనిపిస్తే మాత్రం ముట్టుకోవద్దు. నేషనల్ ఆర్కైవ్స్ వచ్చి పట్టుకుపోతుంది, మీరిచ్చిన డబ్బు మీకు రాదు.

ఓహాయో_గుంటూరోడు:

పాతకాగితం గారూ, మీకు దణ్ణం పెట్టాలి. నిన్న మళ్ళీ వెళ్ళాను. షాపాయన మొదట గొణిగాడు కానీ ఫ్రేము కిందికి దింపి మేకులు తీశాడు. మీరు చెప్పినట్టే, అట్ట కింద ఇంకో వరుస ఉంది: ‘బై ఏ. జె. డోనెల్సన్’, పక్కన సెక్రటరీ అని కుదించి. షాపాయన నిజంగానే ఆశ్చర్యపోయాడు, నటన అనిపించలేదు. తనూ అలాగే ఫ్రేముతో కొన్నాడట. కాసేపు కాలిక్యులేటర్ నొక్కి 300కి ఇస్తానన్నాడు. ఆలోచించుకుని చెప్తానని వచ్చేశాను.

ఇంటికొచ్చాక ల్యాండ్ ఆఫీసు రికార్డుల వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూశాను. దొరికింది! అదే సర్టిఫికెట్ నంబరు, అదే భూమి, అదే తేదీ. కానీ అందులో జాక్సన్ సంతకం షాపులో దానిలా అస్సలు లేదు, పూర్తిగా వేరే రాత. మళ్ళీ కంగారు మొదలైంది.

ఇంకో రెండు ప్రశ్నలు. గుంటూరు ఎండకి, వానకి తోలు పట్టా తట్టుకుంటుందా? నాన్న లామినేషన్ చేయిద్దాం అంటారు, ఆయన అన్నీ చేయిస్తారు. ఇంకా, మన రాష్ట్రపతుల సంతకాలు ఉన్న కాగితాలు ఎవరైనా సేకరిస్తారా?

చెదపురుగు_శత్రువు:

లామినేషన్ అన్న మాట చదవగానే కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. వద్దండీ, చచ్చినా వద్దు. నేను హైదరాబాద్‌లో పాత రికార్డులు బాగుచేసే పనిలో ఉన్నాను. జనం తాతల నాటి పట్టాలు, సనదులు లామినేట్ చేయించి తెచ్చి ‘అక్షరాలు కరిగిపోయాయి, ఏదైనా చెయ్యండి’ అంటారు. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్‌ని మళ్ళీ ఊడదీయడం దాదాపు కాని పని. కాగితానికే అంత ప్రమాదమైతే తోలుకి ఇంకా ఘోరం. అది వేడి తగిలితే ముడుచుకుపోతుంది.

ఆ తోలు గాలిలో తేమని పీల్చుకుంటుంది, ఎండాకాలం వదిలేస్తుంది. అలా సాగుతూ ముడుచుకుంటూ ఉంటే పైనున్న సిరా రేకులు రేకులుగా లేచిపోతుంది. గుంటూరులో మే నెల ఎండ ఒకవైపు, ఆగస్టు ముసురు ఒకవైపు. కాబట్టి నా సలహా: మంచి కలర్ స్కాన్ తీయించి అసలు సైజులో ప్రింటు వేయించి అది గోడకి తగిలించండి. అసలుది ఆమ్లం లేని అట్టపెట్టెలో పడుకోబెట్టి ఉంచండి. మడవద్దు, చుట్టవద్దు, టేపు అంటించవద్దు, పక్కన కలరా ఉండలు వేయవద్దు. బయటి గోడని ఆనుకున్న బీరువాలో కాకుండా ఇంటి లోపలి గదిలో పెట్టండి. నాన్నగారు ఫ్రేములోనే ఉండాలంటే యూవీ కిరణాలని ఆపే అద్దం వేయించి, తోలు అద్దానికి తగలకుండా మధ్యలో ఖాళీ ఉంచమనండి. సూర్యకాంతి పడకూడదు. ఆ గోధుమరంగు సిరా వెలిసిపోతే తిరిగి రాదు.

చట్టం గురించి. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉన్న రాతప్రతి, రికార్డు, పత్రం 75 ఏళ్ళు దాటితే పురావస్తువు కిందికి వస్తుంది. ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపకూడదు, వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. మీరు లోపలికి తెస్తున్నారు కాబట్టి కథ వేరు. కానీ రేపు తిరిగి తీసుకెళ్ళాలనుకుంటే చిక్కులు రావచ్చు. షాపు రసీదు, పట్టా ఫోటోలు జాగ్రత్త చేసుకోండి. ఇది చదివే ఇతరులకి కూడా: మీ ఇంట్లో నిజాం కాలం కాగితాలుంటే ‘అమెరికాలో మంచి రేటొస్తుంది’ అని సూట్‌కేసులో పెట్టుకోవద్దు.

రాష్ట్రపతుల సంతకాలు సేకరించేవాళ్ళున్నారు. పద్మ పురస్కారంతో ఇచ్చే సనదు మీద రాష్ట్రపతి సంతకం, ముద్ర ఉంటాయి. హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీల నియామక పత్రాలు రాష్ట్రపతి స్వహస్తంతో, ముద్రతో ఇవ్వాలని రాజ్యాంగమే చెప్తోంది. అవి ఆ కుటుంబాల దగ్గరే ఉంటాయి, అంగట్లోకి రావడం అరుదు, రాకపోవడమే మంచిదని నా అభిప్రాయం. తెలుగువాళ్ళు ఎక్కువగా వెతికేది రాధాకృష్ణన్, గిరి, సంజీవరెడ్డి గార్లవి. సంతకం పెట్టిన పుస్తకాలు, ఉత్తరాలు దొరికినంత సులువుగా ప్రభుత్వ పత్రాలు దొరకవు.

మొగలుల కాలానికి వెళ్తే మాత్రం సంతకం అన్న ఆలోచనే పక్కన పెట్టాలి. ఫర్మానాకి, అంటే చక్రవర్తి ఆజ్ఞాపత్రానికి, బలం పైనుండే తుగ్రా (ఆయన పేరు, బిరుదులు అలంకారంగా రాసిన చిహ్నం), ముద్రలు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల దక్కన్ కాలం నాటి పత్రాలు లక్షకు పైగా ఉన్నాయి. నాన్నగారిని ఓసారి అక్కడికి తీసుకెళ్ళండి.

పాతకాగితం:

చెదపురుగు_శత్రువు గారు చెప్పినవన్నీ నూటికి నూరుపాళ్ళు. నేను యూవీ అద్దం కూడా నమ్మను, నావన్నీ పెట్టెల్లోనే.

తమ్ముడూ, వెబ్‌సైట్లో రాత వేరుగా ఉందని కంగారు పడకండి. ల్యాండ్ ఆఫీసు అసలు పట్టా రైతుకి పంపేముందు తన రిజిస్టర్లో నకలు రాసుకునేది. మీరు చూసిన బొమ్మ ఆ రిజిస్టర్ పేజీది. అందులో భూమి వివరాలు, సంతకాలతో సహా అన్నీ గుమాస్తా చేతిరాతే. మీ నాన్నగారికి చెప్తే ఒక్క క్షణంలో అర్థమవుతుంది, వాల్యూములో కాపీ అంటే ఏమిటో ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. నంబరు, భూమి, తేదీ సరిపోయాయి కాబట్టి మీ పట్టా అసలైనదే అనడానికి అది గట్టి ఆధారం. సంతకం పోలికకి మాత్రం ఆ వెబ్‌సైటు పనికిరాదు.

300 ఇంకా ఎక్కువే. సెక్రటరీ సంతకంతో ఉన్న పట్టాలు అరుదైనవి కావు. అందులో సగం అనండి, కొంచెం అటూ ఇటూ తెగుతుంది. ఎవరో ఒక రైతు నూరు డాలర్లు పోగేసి కొన్న 80 ఎకరాల కాగితం అది. జాక్సన్ ముట్టుకోకపోయినా దానికుండే విలువ దానికుంది. అసలు నాకు ఒళ్ళు మండేది వేరేవాళ్ళని చూస్తే. ఉత్తరం మొత్తం పారేసి సంతకం ముక్క కత్తిరించి ఆల్బంలో అంటించుకున్న మహానుభావులు ఒక తరం ఉన్నారు. ఆ ముక్కలు ఇప్పటికీ సంతలో తిరుగుతున్నాయి. చౌకగా వచ్చినా కొనకండి. ఎవరికి రాశాడో, ఎందుకు రాశాడో లేని సంతకాన్ని దేంతో పోల్చి తేలుస్తారు?

కానీ మీ నాన్నగారి గురించి మీరు రాసింది చదివాక నాకో ఆలోచన వచ్చింది. ఇండియానా పట్టాలో ఆయనకి చెక్కుబందీ దొరకదు. అక్కడ భూమిని ముందే గళ్ళుగా కొలిచి పెట్టారు. ఆరు మైళ్ళ చదరం ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు. మీ 80 ఎకరాలంటే ఒక సెక్షన్‌లో పావు భాగం తీసుకుని దాన్ని మళ్ళీ సగం చేస్తే వచ్చేది. నంబర్లు తప్ప పక్కవాడి పేరు ఉండదు, చెట్టు ఉండదు, వాగు ఉండదు.

మీరుండే కొలంబస్‌కి పడమట, సయోటో నది దాటితే లిటిల్ మయామీ నది దాకా ఉన్న నేల మొత్తం వర్జీనియా మిలిటరీ డిస్ట్రిక్ట్. విప్లవ యుద్ధంలో పోరాడిన వర్జీనియా సిపాయిలకి ఇవ్వడానికి ఉంచిన భూమి. అక్కడ గళ్ళు లేవు. సర్వేయరు నడుచుకుంటూ పోయి ఫలానా తెల్ల ఓక్ చెట్టు దగ్గర్నుంచి ఫలానా హికరీ చెట్టు దాకా ఇన్ని గడలు, అక్కణ్ణుంచి వాగు వెంట, పక్క సర్వే ఫలానావాడిది అని రాసుకుంటూ వచ్చాడు. ఆ పట్టాల్లో అదంతా దిగింది. అవి జెఫర్సన్, మాడిసన్, మన్రో సంతకాలతో 1833కి ముందువే ఉన్నాయి, అంటే వాళ్ళు చేత్తో పెట్టినవి. జెఫర్సన్‌ది మన తాహతుకి మించుతుంది. మన్రోది, తోలు కాస్త మరకలు పడి సంతకం వెలిసినదైతే, మీ షాపాయన మొదట చెప్పిన ధరకి లోపే దొరకొచ్చు.

పెద్ద వేలం కంపెనీలకంటే ఓహాయోలో చిన్న వేలాల మీద కన్నేసి ఉంచండి. కేటలాగులో సంతకం ఫోటో ఒక్కటే పెడితే, మొత్తం షీటు ముందూ వెనకా ఫోటోలు పంపమని మెయిల్ పెట్టండి. సంక్రాంతికి అందకపోతే ఉగాదికి పంపుదురుగాని. దొరికితే ఇక్కడ చెప్పండి, ఆ చెట్ల పేర్లు నేనూ చదవాలి.